రెండో కుర్చీలోని గొంతు

కిందటి వారం హంసికను ఎక్కడ వదిలేశామో గుర్తుందిగా? పాత వీడియో టేపు ముందు, చెవులకు హెడ్‌ఫోన్స్‌తో కూర్చున్న చోట. ఇప్పుడే వచ్చి చేరినవాళ్ల కోసం జరిగింది రెండు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

పంతొమ్మిది వందల తొంభైలో అమెరికాలోని ఎడిసన్‌లో కేశవరావు అనే పెద్దమనిషి ‘అడ్డుతెర’ అని ఒక టీవీ షో నడిపాడు. వారమంతా మందుల కంపెనీలో కెమిస్టు, శనివారం మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం ప్రొడ్యూసరు. ఊరి కేబుల్ చానెల్ వాళ్లు స్టూడియో ఊరికే ఇచ్చేవారు, ఊరికే వచ్చింది కదా అని ఆయన వదల్లేదు. అమెరికా వచ్చిన కొత్తలో హాస్టల్ టీవీలో చూసిన షో ఒకటి ఆయన బుర్రలో అలాగే ఉండిపోయింది. గోడకు ఇవతల ఒక అమ్మాయి, అవతల ముగ్గురు అబ్బాయిలు. ముఖాలు చూడకుండా ప్రశ్నలడిగి ఆ అమ్మాయి ఒకణ్ణి ఎంచుకోవాలి. కేశవరావు ఆ దొరల గోడ పీకేసి, మన పెళ్లిళ్లలో జీలకర్ర బెల్లం పెట్టేదాకా పట్టే తెర కట్టాడు. ‘డేటింగ్’ అన్న మాట పొరపాటున కూడా రానివ్వకుండా ‘పరిచయ కార్యక్రమం’ అని పేరు పెట్టాడు. ఉన్నది ఒక్కటే కెమెరా, అదీ అమ్మాయి వైపే. తెర దిగేదాకా అబ్బాయిల ముఖాలు చూసేవాళ్లకూ కనబడవు.

తొమ్మిదో భాగంలో సుమతి అనే అమ్మాయి రెండో కుర్చీని ఎంచుకుంది. తెర దిగితే ఆ కుర్చీలో దామోదర్ ఉన్నాడు. ఆరు నెలల్లో పెళ్లయింది. ఆ దంపతుల ఒక్కగానొక్క కూతురే మన హంసిక. ఈ శనివారం వాళ్ల ముప్ఫై అయిదో పెళ్లిరోజు. రెండు వందల మంది ముందు పెద్ద స్క్రీన్ మీద ఆ భాగం వేసి అమ్మానాన్నలను ఆశ్చర్యపెట్టాలని హంసిక పథకం. “పోయింది, పోయింది” అని కేశవరావు ఇన్నేళ్లూ చెబుతూ వచ్చిన ఆ టేపు, ఆయన కూతురు గిరిజ గరాజ్ ఖాళీ చేస్తుంటే అట్టపెట్టెలో దొరికింది. హంసిక చేసే ఉద్యోగమే సౌండ్ ఎడిటింగ్. గరగర తీసేసి మాటలు శుభ్రం చేద్దామని కూర్చుంది. రెండో కుర్చీలోని గొంతు వినగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. అది నాన్న గొంతు కాదు.

గురువారం మధ్యాహ్నం కేశవరావు ఇంటి ముందు కారు ఆపేసరికి హంసికకు ప్రతిదీ అనుమానంగానే కనబడుతోంది. తలుపు తీసిన గిరిజ మొహం కూడా.

“ఏంటి హంసికా, చెప్పాపెట్టకుండా? జలుబు చేసిందా, గొంతు అలా ఉంది?”

“లిటిల్ బిట్ అంతే ఆంటీ. అంకుల్ ఉన్నారా?”

గిరిజ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది. గొంతు తగ్గించి, “పెట్టె నీకిచ్చిన సంగతి నాన్నకి నేను చెప్పలేదమ్మా” అంది.

“ఎందుకు చెప్పలేదు?”

“వద్దంటారేమోనని.”

ఎందుకు వద్దంటారని హంసిక అడగబోయింది. ఈలోగా లోపలి నుంచి “ఎవరే?” అని వినిపించింది. కేశవరావుకు ఎనభై రెండేళ్లు. చెవి మెషిన్ ఉంది. ఆయనకు కావలసినవి వినిపించడానికీ, అక్కర్లేనివి వినిపించకపోవడానికీ ఆ మెషిన్ ఎంతో సాయం చేస్తుందని ఊళ్లో అందరికీ తెలుసు. హంసికను చూసి మొహం చేటంత చేసుకున్నాడు.

“రా తల్లీ, రా. శనివారం ఏర్పాట్లన్నీ అయిపోయినట్టే. హాలు వాళ్లతో నేనే మాట్లాడాను. గిరిజా, కాఫీ!”

హంసిక కూర్చోలేదు. బల్ల మీద లాప్‌టాప్ తెరిచి పెట్టింది. స్క్రీన్ మీద ఇరవై మూడేళ్ల సుమతి, ఆకుపచ్చ పట్టుచీర, రెండు జడలు, వెనక పసుపు అంచు తెర. అది చూడగానే పెద్దాయన నవ్వు పెదవుల మీదే ఆగిపోయింది. చెయ్యి మాత్రం దానంతటదే చెవి మెషిన్ దగ్గరికి పోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుందే అనుకుంది హంసిక.

“ఇది నీకెక్కడిది?”

“టేప్ పోయిందని చెప్పారు కదా అంకుల్. ముప్ఫై ఐదు ఇయర్స్ చెప్పారు.”

“పోయిందనే అనుకున్నానమ్మా. గరాజ్‌లో ఏం ఉందో ఎవరికి తెలుసు?”

“ఓకే. ఇది వినండి.”

స్క్రీన్‌లో సుమతి చేతిలో ఉన్న చీటీ చూసి అడిగింది. “నాకు జ్వరం వస్తే మీరేం చేస్తారు?” తెర వెనక నుంచి మొదటి కుర్చీ ఏదో ఇంగ్లీషులో జోకు వేసింది, ఎవరూ నవ్వలేదు. తర్వాత రెండో కుర్చీ. “మిరియాల చారు పెడతానండి. తినేదాకా పక్కనే కూర్చుంటానండి. తిననంటే తిడతాను కూడానండీ, ఆయ్.”

హంసిక అక్కడ ఆపింది.

ఈ జవాబు ఆమెకు కంఠతా వచ్చు. అమ్మ వెయ్యిసార్లు చెప్పిన కథ ఇది. చిన్నప్పుడు స్కూల్లో ‘మా కుటుంబం’ గురించి చెప్పమన్న ప్రతిసారీ ఈ చారు కథే చెప్పింది. ఇంట్లో ఎవరు తుమ్మినా నాన్న మిరియాలు దంచడం మొదలుపెడతాడు. మొదట్లో ఆ చారు నోట పెట్టేలా ఉండేది కాదని, అయినా పట్టు వదలకుండా నేర్చుకున్నాడని అమ్మ మురిపెంగా చెబుతుంది. తెర దిగినప్పుడు ఎందుకు మాట్లాడలేదు నాన్నా అంటే, సిగ్గయిందని అంటాడు ఆయన. హంసిక ఈ కథలో ఒక్క అక్షరాన్ని కూడా ఎన్నడూ అనుమానించలేదు.

“ఇది ఎవరి వాయిస్ అంకుల్?”

“మీ నాన్నది. ఇంకెవరిది?”

“మా నాన్నది వరంగల్. తీస్కపోత, వస్త, అట్ల మాట్లాడతారు. నేను పుట్టినప్పటి నుంచి ఆయన నోట్లో ‘ఆయ్’ వినలేదు.”

“టీవీ కదమ్మా, కాస్త మర్యాదగా మాట్లాడమన్నాను.”

“మర్యాదగా మాట్లాడితే ఊరు మారిపోతుందా?”

“అప్పటి మైకులు కూడా అంతంతమాత్రం. గొంతు మార్చేసేవి.”

“అంకుల్, మైక్స్ నా జాబ్.” హంసిక మళ్లీ నొక్కింది. ఈసారి మూడో కుర్చీ. “డాక్టర్ దగ్గరికి తీస్కపోత. నాకు మంచి ఇన్సూరెన్స్ ఉన్నది.”

ఆ జవాబుకు స్క్రీన్‌లోని సుమతి చీటీని నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది.

“ఇది మా నాన్న. వంద మందిలో చెప్పగలను. మూడో కుర్చీలో ఉన్న మనిషి రెండో కుర్చీలోకి ఎట్లా వచ్చారు?”

కేశవరావు నీళ్లు నమిలాడు. తర్వాత కాఫీ వచ్చింది, అది తాగాడు. ఆయన గ్లాసు కింద పెట్టే లోపల హంసిక మనసు ఎక్కడెక్కడికో పోయింది. డబ్బు తీసుకుని మార్చారా? నాన్న బతిమాలాడా? ఇంత అబద్ధం మీద ఇల్లు కట్టి, అందులో తనను పెంచి, ప్రతి జ్వరానికీ చారు పోసి నమ్మించారా? నాన్న మీద తనకు ఇంత కోపం వస్తుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, జలుబు అన్నట్టు ముక్కు తుడుచుకుంది.

“శనివారం ఇది ప్లే చేయాలి నేను. మా అమ్మ ఫ్రంట్‌లో కూర్చుంటుంది. ఆమెకి తెలీదు. టూ హండ్రెడ్ పీపుల్ ముందు తెలుసుకోవాలా? చెప్పండి అంకుల్, ప్లీజ్.”

ఆయన చెవి మెషిన్ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇక వినననే అర్థం కాబోలు అనుకుంది హంసిక. కాదు. దాన్ని తుడిచి, సరిగ్గా మళ్లీ పెట్టుకున్నాడు.

“ప్రవర దగ్గర వచ్చింది తల్లీ చిక్కంతా.”

“ప్రవర అంటే?”

“పెళ్లిలో చెబుతారు చూడు, ఫలానా గోత్రం, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని. అమ్మాయి కుర్చీ ఎంచుకున్నాక, తెర దించే ముందు నేను ఆ అబ్బాయి ప్రవర చదివేవాణ్ణి. మా షోకి అదే గొప్ప. ముందు రోజే ఫారాలు తెప్పించుకుని, అమ్మాయి గోత్రం వాడెవడూ లేకుండా చూసుకునేవాణ్ణి. ఎనిమిది వారాలు ఎక్కడా తప్పు పోలేదు.”

“తొమ్మిదో వారం?”

“రెండో కుర్చీకి రావలసినవాడికి ఆఫీసులో పని పడింది. తన రూమ్మేట్‌ని పంపాడు. శ్యామ్‌సుందర్ అని, మండపేట వైపు కుర్రాడు. టైమ్ లేదు, ఫారం ఖాళీగానే కూర్చోబెట్టాను. మీ అమ్మ అతన్నే ఎంచుకుంది. నేను తెర వెనక్కి వెళ్లి, నీ గోత్రం ఏమిటి బాబూ అన్నాను. భారద్వాజ అన్నాడు.” కేశవరావు అరచెయ్యి నుదుటికి కొట్టుకున్నాడు. “మీ అమ్మదీ అదే.”

హంసిక అర్థం కానట్టు చూసింది. గిరిజ వంటింటి గుమ్మంలో నిలబడి అందుకుంది.

“ఒకే గోత్రం అంటే అన్నాచెల్లెళ్ల వరస హంసికా. రక్తసంబంధం లేకపోయినా సరే.”

“సీరియస్లీ? దాని కోసం?”

“దాని కోసమే,” అన్నాడు కేశవరావు. “ఇప్పుడు నీకు నవ్వొస్తుంది. ఎదురుగా పాతికమంది ఆడవాళ్లు, పులిహోర డబ్బాలతో. మొదటి వరసలో మీ అమ్మ వాళ్ల పిన్ని లక్ష్మీకాంతం గారు. టీవీలో అన్నకీ చెల్లెలికీ జత కట్టానంటే ఆవిడ నన్ను ఊళ్లో తిరగనిచ్చేదా? స్టూడియో టైమ్ ఇంకో ఇరవై నిమిషాలే ఉంది. టేపు ఇరుక్కుంది, రెండు నిమిషాలు ఆగమ్మా అని మీ అమ్మకు చెప్పాను. మొదటి కుర్చీ వాణ్ణి అడిగితే, నాకెందుకీ గొడవ బాబోయ్ అని కారెక్కాడు. మిగిలింది మీ నాన్న.”

“నాన్న ఓకే అన్నారా?”

“అనలేదు. తప్పన్నాడు. ఒక్క పది నిమిషాలు నా పరువు కాపాడు నాయనా, తర్వాత నువ్వే ఆ అమ్మాయికి చెప్పేయి అన్నాను. నోరు మాత్రం తెరవద్దన్నాను. అందుకే తెర దిగినప్పుడు దణ్ణం పెట్టి ఊరుకున్నాడు.”

సిగ్గు కాదన్నమాట. హంసిక కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మరి ఎందుకు చెప్పలేదు?”

“పెళ్లికి ముందు రెండుసార్లు బయల్దేరాడు చెబుదామని. నేనే ఆపాను. కుదిరిన సంబంధం, ఎందుకు కెలుకుతావని. పెళ్లయ్యాక, ఇప్పుడు చెబితే మోసం చేశావంటుందని తనే భయపడ్డాడు. ఏడాదికేడాది బరువు పెరిగిందే కానీ తగ్గలేదు. ఒకసారి నాతో అన్నాడు, ‘ఆ పిల్ల చారును చూసి ఒప్పుకున్నది. అందుకని చారు నేర్సుకున్న’ అని.”

ఇన్నేళ్లూ ఇంకొకడు ఇచ్చిన మాటను నాన్న తన నెత్తిన వేసుకుని నిలబెట్టాడు. హంసికకు కోపం పోలేదు. కాకపోతే ఎవరి మీద చూపించాలో ఇప్పుడు తెలియడం లేదు. అయినా అనుమానం ఊరుకోదు కదా.

“దీనికి ప్రూఫ్ ఏంటి? ఒరిజినల్ టేప్ ఉందా?”

“ఎక్కడిది? కొత్త టేపులు కొనలేక, పాతవాటి మీదే మళ్లీ మళ్లీ తీసేవాళ్లం. చెరిగిపోయింది.”

“నాన్నా,” అంది గిరిజ. అంతవరకు ఆమె చేతులు వెనకే ఉన్నాయని హంసిక ఇప్పుడు గమనించింది. ముందుకు తెచ్చిన చేతుల్లో మడత పెట్టిన పసుపు అంచు గుడ్డ ఉంది. అది స్క్రీన్‌లో కనబడుతున్న తెరే. విప్పితే మధ్యలో నల్లటి వీడియో క్యాసెట్ ఉంది. “మరి మీ దేవుడి అలమరాలో ఉన్న ఇదేంటి?”

కేశవరావు కూతురి వంక చూసి, హంసిక వంక చూసి, చివరికి నేల చూపులు చూశాడు.

“పారేయడానికి చెయ్యి రాలేదే. చూడ్డానికి ధైర్యమూ చాల్లేదు. ప్రవర దాకా ఉన్నది కాపీ చేసుకున్నాను. ముగింపు వేరే టేపు మీద తీశాం, రెండూ కలిపి అతికించాను. మిగతాది ఈనాటికీ చూడలేదు. చూడ్డానికేం లేదులే, అక్కడితో కెమెరా ఆపమన్నాను.”

“ఆపారా?”

“ఆపమన్నాను,” అన్నాడు, ఈసారి అంత గట్టిగా కాదు.

గిరిజ టీవీ కింద ఉన్న పాత వీసీఆర్‌లో క్యాసెట్ తోసింది. బొమ్మ కాసేపు గీతలుగా కదిలి నిలబడింది. అవే ప్రశ్నలు, అవే జవాబులు. సుమతి రెండో కుర్చీ అంది. చప్పట్లు. కేశవరావు, అప్పటి నల్లజుట్టు కేశవరావు, తెర వెనక్కి వెళ్లాడు. గుసగుసలు. “టేపు ఇరుక్కుందమ్మా, రెండు నిమిషాలు.” ఆ తర్వాత “కెమెరా ఆపి కొత్త టేపు పట్రా” అన్న మాట. కెమెరా అబ్బాయి టేపు కోసం పరుగెత్తినట్టున్నాడు. ఆపడం మాత్రం మరిచిపోయాడు. కెమెరా తిరుగుతూనే ఉంది.

బొమ్మలో సుమతి ఒక్కతే. తెరకు అటువైపు మాటలు మైకులో చక్కగా పడుతున్నాయి. “భారద్వాజా? చంపావు కదయ్యా.” కుర్చీ జరిగిన చప్పుడు. “గిది తప్పు సార్. ఆ అమ్మాయికి జెప్పకుంటె తప్పు.” అది దామోదర్. సుమతి తల అటు తిరిగింది.

ఆమె ఎదుటి ఆడవాళ్ల వైపు ఒకసారి చూసింది. వాళ్లు పులిహోర పంచుకునే హడావిడిలో ఉన్నారు. లేచి, కుచ్చిళ్లు పట్టుకుని, రెండడుగులు వేసి తెర అంచు వేలితో పక్కకు తొలగించింది. చూసింది. ఒకణ్ణి పక్క తలుపులోంచి పంపేయడం, ఇంకొకణ్ణి భుజాలు పట్టి రెండో కుర్చీలో కూర్చోబెట్టడం, అంతా అయ్యేదాకా అలాగే చూసింది. తెర వదిలేసింది. వచ్చి తన కుర్చీలో కూర్చుంది. చీటీ తీసి చూసుకుని, “ఇన్సూరెన్స్ ఉన్నదట” అని తనలో తను అనుకుని, నవ్వు ఆపుకోలేక తల దించుకుంది. ఆ తర్వాత పైట సరిచేసుకుని, ఏమీ తెలియనిదానిలా బుద్ధిగా ఎదురుచూసింది.

టేపు అక్కడితో అయిపోయింది.

“అమ్మకి తెలుసు,” అంది హంసిక.

“ముప్ఫై అయిదేళ్లు,” అన్నాడు కేశవరావు. “వాడు ఆవిడ దగ్గర దాచాననుకుని కుమిలిపోయాడు. ఆవిడ నవ్వుకుంటూ చారు తాగింది.” ఉన్నట్టుండి ఆయన మొహంలో రంగు మారింది. “అయ్యో. అయ్యో హంసికా.”

“ఏంటి?”

“శనివారం మీ నాన్న స్టేజీ మీద అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాడు. ఈసారి ఆపకండి సార్ అన్నాడు. ఆ శ్యామ్‌సుందర్‌ని వెతికించి, నా చేతే పిలిపించాడు. కమ్మింగ్ అనే ఊరి నుంచి టికెట్ కూడా బుక్ చేసుకున్నాడు అతను.”

హంసిక నోరు తెరిచేలోగా ఫోన్ మోగింది. అమ్మ. తొందరలో స్పీకర్ నొక్కేసింది.

“హంసీ, మీ నాన్న చారు పెడుతున్నారు. జలుబని పొద్దున చెప్పావుగా. వచ్చేటప్పుడు కొత్తిమీర పట్రా.” ఎప్పటి గొంతే, ఎప్పటి తొందరే. “నీ చుక్క ఫోన్ మ్యాప్‌లో కేశవరావు అన్నయ్యగారింటి మీదే ఉంది, గంట నుంచి. అక్కడేం పని?”

“ఊరికే వచ్చాను అమ్మా.”

“ఊరికేనా? సరేలే. ఆయన పక్కనే ఉన్నారా? అన్నయ్యగారూ, వినబడుతోందా?”

కేశవరావు చెయ్యి చెవి మెషిన్ దాకా వెళ్లింది. గిరిజ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

“వినబడుతోందమ్మా.”

“హాలువాళ్లు స్టేజీ ప్లాన్ పంపారు. మా ఇద్దరికీ రెండు కుర్చీలు వేయమన్నాను. మూడు వేశారు. ఎవరు చెప్పారంటే మీరన్నారు. ఆ మూడో కుర్చీ ఎవరికి అన్నయ్యగారూ?”

ఫోన్‌లో అవతల రోటి చప్పుడు ఆగింది. దూరంగా, వంటింట్లోంచి కాబోలు, దామోదర్ పిలుపు వినిపించింది. “సుమతీ, మిరియాలు ఒడిసినయి. ఇంకెక్కడన్న ఉన్నయా?”

సుమతి గొంతు ఒక్కసారిగా తగ్గిపోయింది.

“చెప్పండి, త్వరగా. ఆయన ఇటే వస్తున్నారు.”